నొప్పికి సాక్షి కావలెను

శ్రావణ శుద్ధ పాడ్యమి

మనసు పడవ డాక్టర్లు ఈ డబ్బా ఇచ్చి పోయారు. రోజూ దీనితో మాట్లాడాలట. నేను ఏ యాసలో ఏడ్చినా ఇది పుస్తకం భాషలోకి మార్చి రాసుకుంటుందట, పక్కవాళ్లు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచుతుందట. సరే, రాసుకోవే తల్లీ. నా పేరు నూకరత్నం. ఉండేది ఏడో వరస పంట్ల మీద. పూర్వం పంటు అంటే ఏరు దాటడానికి ఎక్కే బల్లకట్టట. ఇప్పుడు మాకు ఇల్లూ వీధీ అదే, కింద సముద్రం. నా పని నాచు ఆరబెట్టడం.

జబ్బులు చెప్పమన్నారు కదా, విను. నడుములో మొదలై ఎడమ మడమదాకా లాగేది ఒకటి. దవడ పట్టేసి ముద్ద నమలనివ్వనిది ఒకటి. తలలో కుడివైపు వచ్చి కూర్చుని, వెళ్లమన్నా వెళ్లనిది ఒకటి. వీటన్నిటి అడుగునా ఒళ్లంతా కారం రాసినట్టు మంట. ఇవి కాక దిగులు. దిగులంటే ఏడుపని అందరూ అనుకుంటారు. ఏడుపొస్తే బాగానే ఉండును. పొద్దున కళ్లు తెరవగానే, అయ్యో ఇంకో రోజా, అనిపించడం దిగులంటే.

వైద్యం లేదా అంటే, బోలెడు ఉంది. నడుం పడవ సోమవారం వస్తుంది. వాళ్ల మాత్ర వేసుకుంటే తల పేలిపోతుంది. బుధవారం తల పడవ వాళ్లు ఆ మాత్ర ఆపేసి ఇంకోటి ఇస్తారు. దానితో నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే మంట రెట్టింపు. మంటకు పడవే లేదు. నడుం పడవ వాళ్లనడిగితే తల పడవ వాళ్లనడగమంటారు, వాళ్లు మనసు పడవ చూపిస్తారు. మనసు పడవలో ఉన్నాయన మంచివాడే పాపం. "ముందు ఆ నొప్పులు తగ్గించుకోండమ్మా, దిగులు దానంతటదే పోద్ది" అన్నాడు. మళ్లీ సోమవారం మొదలు. గానుగెద్దు నాకంటే నయం, అది తిరిగితే నూనైనా వస్తుంది.

అందుకే కూడలి పడవ కోసం చూస్తున్నాను. ఏడాదికి రెండుసార్లే వస్తుంది అది, శ్రావణ పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ. అందులో అన్నిరకాల డాక్టర్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒక మనిషిని ఒకేసారి చూస్తారట. వరసకు ఒక్క మంచం ఇస్తారు, నెలల తరబడి ఉంచుకుంటారు. మా వరసలో ఈసారి నేనొక్కదాన్నే అడిగాను. అయినా ఇవ్వాలంటే సాక్షి కావాలి. అదీ చిక్కు.

సాక్షి అంటే పట్టీ కట్టుకునే మనిషి. నా చేతికొకటి, సాక్షి చేతికొకటి కడతారు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి కుంకేదాకా సాక్షికి తన ఒళ్లు తెలియదు, నా ఒళ్లు తెలుస్తుంది. మర్నాడు వెళ్లి ఎలా ఉందో చెప్పాలి. ఇంట్లోవాళ్లు పనికిరారు, జబ్బు మనుషులు పనికిరారు. ఒకసారికి ఇద్దరు సాక్షులదాకా తెచ్చుకోవచ్చు. మొదటి మనిషి మాట మా పంట్ల సంఘం గుమాస్తా రాసుకుంటాడు, ఆ మనిషి నొప్పి లేదంటే రెండో మనిషిని పడవలో డాక్టరే వింటారు. పట్టీ ఒంటిని మోస్తుంది గానీ మనసును మొయ్యదు, అది వేరే సంగతి.

బడిలో చెప్పే ఇందుమతి గారు సరేనన్నారు. ఎంత మంచావిడో.

శుద్ధ చవితి

ఇందుమతి గారు వచ్చి వెళ్లారు. అలసిపోయాను, కానీ మర్యాదకు లోటు రానివ్వలేదు.

నిన్ననే పండుగప్ప చేప తెప్పించి పులుసు పెట్టాను. నాచు పచ్చడి నూరాను. మా ఆయన గంగరాజు కుర్చీకి రెండు దిండ్లు వేశాడు. ఆవిడ పట్టీ కట్టుకుని కూర్చుని, "మీరేం కంగారు పడకండి రత్నం గారూ, నేను ఓర్చుకుంటాను" అన్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మనకోసం ఇంత దూరం వచ్చిన మనిషి!

సాయంత్రం వెళ్లేటప్పుడు తాంబూలం ఇచ్చాను. నా చెయ్యి పట్టుకుని, "ఉన్నదున్నట్టు చెప్తానండి" అన్నారు.

శుద్ధ పంచమి

ఇందుమతి గారు ఉన్నదున్నట్టే చెప్పారు. "కొంచెం నడుము పట్టినట్టుందండి. మధ్యాహ్నం హాయిగా నిద్దరొచ్చింది." గుమాస్తా నా పేరుకు ఎదురుగా 'పరీక్షలో నొప్పి లేదని తేలింది' అని రాసి ముద్ర వేశాడు.

ఇంటికొచ్చి కూలబడ్డాను. మా ఆయన మంచినీళ్లిచ్చి నెమ్మదిగా అడిగాడు. "అది సరే రత్నం, నిన్న నువ్వేం పని చేశావ్?"

"ఏం చేస్తాను మామా? మంచాన పడుకున్నాను."

"మాత్ర ఏసుకున్నావా?"

వేసుకున్నాను. ఒకటి కాదు, దాచుకున్నవన్నీ తీసి వేళకొకటి చొప్పున వేసుకున్నాను. వంట ముందురోజే చేసేసి పెట్టుకున్నాను. నడుము కింద వేడినీళ్ల సంచీ పెట్టుకున్నాను. దవడకు పని లేకుండా గంజి తాగాను. తల కదపలేదు. ఎందుకంటే ఆవిడ మా ఇంటికొచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి నొప్పి పెడతామా? ఆవిడ చెయ్యి పట్టుకుని నడుము మీద గుద్దినట్టుండదూ!

మా ఆయన నా మొహం చూసి పక్కకు తిరిగాడు. నవ్వాపుకుంటున్నాడో ఏడుపాపుకుంటున్నాడో తెలియలేదు. ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఒక్క రోజు బాధ చూపించడానికి మనిషిని పిలిచి, ఆ ఒక్క రోజూ బాధ లేకుండా చూసుకున్నాను. అయిదేళ్లుగా దొరకని సుఖం ఇందుమతి గారికి వడ్డించాను.

ఇక మిగిలింది ఒక్క సాక్షి. పౌర్ణమికి పడవ వచ్చేస్తుంది.

శుద్ధ అష్టమి

రెండు రోజులు లేవలేదు. నాచు తీగల మీదే కుళ్లింది. ఎవరిని పిలవాలా అని మంచం మీద పడి ఒక్కొక్క ఇల్లూ తలుచుకున్నాను. మా వరసలో అందరూ మంచివాళ్లే, అదే భయం. ఎవరు వచ్చినా నేను మళ్లీ మాత్ర మింగుతాను. నా సంగతి నాకు తెలుసు. ఎదుటి మనిషి మూలిగితే తట్టుకోలేను.

మధ్యాహ్నం పక్క పంటు మీంచి లోవమ్మత్త గొంతు లేచింది. లోవమ్మత్తంటే మాకు చుట్టం కాదు, పిలుపుకే అత్త. అరవై దాటినా గొంతు పంట్లన్నిటికీ వినిపిస్తుంది.

"ఏవమ్మా మహారాణీ గోరు! ఇంకా లెగలేదేంటి? నీ నాచు కంపుకి ముద్ద దిగట్లేదిక్కడ. ఒళ్లు నొప్పులంట ఒళ్లు నొప్పులు! మాకు లేవా? ఉంటే ఇలాగే పడకేసేమా? నాటకాలు కాకపోతే!"

ప్రతి వారం వినే పాటే. విన్నప్పుడల్లా ఒళ్లు చచ్చిపోతుంది. ఈసారి మాత్రం వింటూ వింటూ లేచి కూర్చున్నాను. ఈ మనిషికి నొప్పి పెట్టడానికి నాకేం మొహమాటం? నిజం చెప్పాలంటే కాస్త పెట్టాలనే ఉంది. ఒక పూట నా నడుము మోస్తే తెలుస్తుంది నాటకమేదో.

శుద్ధ దశమి

అడిగాను. ఆవిడ మోకు బిగిస్తోంది. మోకంటే మా పంట్లను ఒకదానికొకటి కట్టే లావు తాడు. పోటుకు వదలాలి, పాటుకు బిగించాలి, ఎవరి పంటుకు వాళ్లే.

"అత్తా, నాకు సాక్షిగా ఉంటావా?"

చేతిలో తాడు వదిలేసి నవ్వింది. "నేనా? నీకా? నవ్విపోతారే పిల్లా."

"నవ్వనీ అత్తా. ఉంటావా లేదా?"

నన్ను ఎగాదిగా చూసింది. "ఉంటాను. నీ నాటకమేదో దగ్గరుండి చూత్తాను. కానీ లేకపోతే లేదనే చెప్తాను. నీ పులుసుకీ పచ్చడికీ పడిపోడానికి నేనేం టీచర్ని కాదు."

"నాకూ అదే కావాలి అత్తా. పులుసు పెట్టను."

"పెట్టకపోతే మానెయ్" అని మళ్లీ తాడందుకుంది. వచ్చేశాను. ఏదో గెలిచినట్టనిపించింది, కాసేపటికే భయం పట్టుకుంది. ఆవిడ మొండిది. నిజంగా నొప్పెట్టినా పంతానికి లేదంటే? ఇదే ఆఖరి సాక్షి. నేను మాఘందాకా ఆగగలనా?

శుద్ధ ద్వాదశి

ఏం జరిగిందో వరసగా చెబుతాను, మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేను.

పొద్దున పట్టీలు కట్టారు. మాత్ర ముట్టుకోలేదు. మోకులు వదిలాను. మంచినీళ్ల తొట్టిలో దిగి ఉప్పు పెచ్చు గీకాను. తడినాచు గంపలు మోశాను. నడుములోంచి మడమకు లాగేస్తోంది, పళ్లు నూరితే దవడ పట్టేసింది. కుడివైపు తల కూడా సరిగ్గా వేళకే వచ్చింది, ఎన్నడూ లేనిది దాన్ని చూసి సంతోషించాను. గంప దించినప్పుడల్లా లోవమ్మత్త వైపు చూశాను. ఆవిడ పీట మీద కూర్చుని రొయ్యలు వొలుస్తోంది.

"ఎప్పుడు మొదలవుద్దే నీ నొప్పి?" అంది.

"పొద్దున్నించీ ఉంది కదా అత్తా!"

"ఏదీ? నాకేం రాలేదే!"

ఇంకో గంప ఎత్తాను. వంగి లేచాను, వంగి లేచాను. కళ్లు బైర్లు కమ్మాయి. ఆవిడ రొయ్యలు వొలుస్తూనే ఉంది. మధ్యాహ్నానికి ఆవిడకే విసుగొచ్చింది. "పాడైపోయిన పట్టీ అంటగట్టేరు నీకు. మార్పించుకోవే అంటే వినవు."

పట్టీ పాడైందేమోనని పొయ్యి మీద కాగుతున్న నీళ్లలో వేలు పెట్టాను.

"అమ్మా!" లోవమ్మత్త చేతిలో రొయ్య ఎగిరిపడింది. "చెయ్యి కాలిందే! ఏం చేసేవే తింగరిదానా?"

పట్టీ బాగానే ఉంది. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం.

"అత్తా, నడుములో ఏం తెలుస్తోంది?"

"నడుమేంటి, మామూలే."

"మామూలంటే?"

"మామూలంటే మామూలు. లాగుద్ది. మడమదాకా లాగుద్ది. అందరికీ లాగదా?"

"దవడ?"

"నమిల్తే నొప్పెట్టదేంటి ఎవరికైనా?"

"ఒళ్లంతా మంట లేదూ?"

ఆవిడ రొయ్యల గిన్నె పక్కకు జరిపింది. "ఉప్పు గాలికి మండుద్దనుకున్నాను" అంది.

పట్టీ ఒకసారి తీసి చూడమన్నాను. తీసింది. కాసేపు కూర్చుంది. మళ్లీ కట్టుకుంది. మళ్లీ తీసింది. కట్టుకుంటే నా ఒళ్లు, తీస్తే తన ఒళ్లు. అలా ఎన్నిసార్లు చేసిందో. చివరికి పట్టీ చేతిలో పట్టుకుని, "తేడా లేదే రత్నం" అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

"ఎప్పటినుంచి అత్తా?"

"పెళ్లయిన కొత్తలోనించే అనుకుంటాను. మా అత్తకి చెప్తే, ఆడదానికి ఆ మాత్రం ఉంటాది అంది. ఉంటాది గావాల్ననుకున్నాను. ఇంకెవరినీ అడగలేదు." పట్టీని వేలికి చుడుతూ అంది. "పొద్దున్నే లెగగానే ఏడుపొత్తాది నాకు. ఎందుకో తెలవదు. ఏడిత్తే ఎవరన్నా చూత్తారని తిడతాను. నిన్ను చూత్తే మరీ ఒళ్లు మండేది. నేను లెగుత్తన్నానుగా, ఇదెందుకు లెగదని."

అప్పుడు నాకు జాలి కలగాలి కదా. కలగలేదు. ఉన్నమాట చెబుతున్నాను, ముందు నా పీకల మీదికి వచ్చిందే అనిపించింది. ఈవిడ వెళ్లి 'ఏం తేడా లేదు' అంటే నా పని అయిపోయినట్టే. ఒంట్లో బాలేదంటే జబ్బు మనిషి సాక్ష్యం చెల్లదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆవిడే కనిపెట్టింది. "ఏడవకు. అరిచేను, దొర్లేను, సచ్చిపోతాననుకున్నాను అని చెప్తాన్లే. అబద్ధాలు రావనుకున్నావా నాకు? కానీ నా సంగతి ఎక్కడైనా అన్నావో, నాలిక చీరేత్తాను. ఈ వయసులో రోగిష్టిదాన్ననిపించుకోను."

శుద్ధ చతుర్దశి

కూడలి పడవ వచ్చింది. లోవమ్మత్త తన పంటు మీద పచార్లు చేస్తూ రేపు చెప్పబోయే మాటలు వల్లిస్తోంది. "అయ్యబాబోయ్" అనడం మరీ ఎక్కువగా ఉంది. తగ్గించమని చెప్పబోయి ఊరుకున్నాను.

శ్రావణ పౌర్ణమి

పడవలో డాక్టర్ తహసీనా అని ఒకావిడ కూర్చుంది. మాట మెత్తన, చూపు మాత్రం సూది. బల్ల మీద చిన్న తెర, దాని మీద పట్టీ గీసిన గీతలు.

లోవమ్మత్త మొదలెట్టింది. "అయ్యబాబోయ్ డాక్టరమ్మ గోరూ, ఏం చెప్పమంటారు! సచ్చి బతికేననుకోండి. కిందపడి దొర్లేను. ఆ పిల్ల ఎలా బతుకుతుందో ఆ లోవతల్లికే తెలియాలి." చెంగు కూడా కళ్లకద్దుకుంది. బాగానే చేస్తోంది అనుకున్నాను.

డాక్టరమ్మ అంతా విని తెర మా వైపు తిప్పింది. "కొత్త నొప్పి తగిలితే ఎవరి గుండైనా ఉలిక్కిపడుతుందమ్మా. మీది ఆ రోజంతటిలో ఒక్కసారే ఉలిక్కిపడింది, వేడి తగిలినప్పుడు. మిగతా అంతా ఇదిగో, నిద్రపోతున్నట్టు ఉంది. మీకేమీ తెలియలేదు కదూ?"

లోవమ్మత్త కళ్ల మీంచి చెంగు దించేసింది. డాక్టరమ్మ కలం తీసింది. ఏం రాయబోతోందో నాకు తెలుసు.

"కాదండీ!" అని అరిచాను. "తెలియకపోడానికి నాకు లేక కాదండీ, ఆవిడకీ ఉందండీ! నాకేం ఉన్నాయో అవన్నీ ఆవిడకీ ఉన్నాయి. అందుకే తెలియలేదు."

లోవమ్మత్త నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. తిట్టలేదు. అందరిలో చీర లాగినట్టు చూసింది. మాటిచ్చి తప్పాను. నా మంచం కోసం తప్పాను.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అయితే జబ్బు మనిషి సాక్ష్యం మీకు చెల్లదు నూకరత్నం గారూ."

"తెలుసండి."

"మీ సాక్ష్యం మాత్రం ఆవిడకు చెల్లుతుంది."

అర్థం కాలేదు. ఆవిడ సంఘం పంపిన కాయితం చూపించింది. "పరీక్షలో నొప్పి లేదని తేలిన మనిషి మీరు. ముద్ర కూడా ఉంది. ఇంతకంటే మంచి సాక్షి ఈ వరసలో ఎవరుంటారు?" మొహంలో నవ్వు లేదు. వెటకారమో రూలో నాకు తెలియలేదు. "పడవ వచ్చాక రోజంతా అక్కర్లేదు, నా ముందు కట్టుకుంటే చాలు. ఆవిడ పట్టీ కట్టుకుంటారా?"

"నాకేం వద్దు!" అంది లోవమ్మత్త. కానీ లేచి వెళ్లలేదు. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

కట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాను. అదే నడుము. అదే మడమ. దవడ కాస్త ఎక్కువే. ఆ అడుగున అదే కారం. పరాయి ఒంట్లోకి వెళ్లినట్టే లేదు, మా ఇంట్లోంచి మా ఇంట్లోకే వెళ్లాను.

"ఏం తెలుస్తోందండీ?"

ఒక్కటే మంచం. 'ఏమీ లేదండి' అంటే చాలు, లోవమ్మత్త కూడా సంతోషిస్తుంది. మంచం ఖాళీగా ఉంటుంది, కాళ్లావేళ్లా పడితే నాకే ఇవ్వచ్చు. ఆశ ఎంత పాడుదో అప్పుడు తెలిసింది. నాలిక చివరిదాకా వచ్చింది.

కానీ ఆ ఒంట్లో ఉండి ఎలా అంటాను? అయిదేళ్లనుంచి నా గురించి ఎవరైనా ఒక్కరు అంటే వినాలని చచ్చిపోతున్న మాట అది. అదే నోటికి వచ్చింది.

"ఇది ఓర్చుకునేది కాదండీ. ఈవిడ నాటకాలు ఆడడం లేదు. ఇలా ఎవరూ ఉండక్కర్లేదండీ."

"నోరు ముయ్యవే" అంది లోవమ్మత్త. అని భోరుమంది. తల నా భుజం మీద పడేసి, పంట్లన్నీ వినేలా ఏడ్చింది.

డాక్టరమ్మ తెర చూసింది. నా గీత కూడా నిద్రపోతున్నట్టే ఉంది, ఎక్కడా ఉలికిపాటు లేదు. నా మొహం చూసింది. "తెలుస్తోందమ్మా నాకు" అంది మెల్లిగా. "నాకు తెలిస్తే చాలదు, రూలు సాక్షినడుగుతుంది. ఈవిడ నయమై వస్తే ఈవిడ సాక్ష్యం చెల్లుతుంది. మాఘానికి వస్తాం."

బహుళ విదియ

పడవ వెళ్లిపోయింది. లోవమ్మత్త ఎక్కేముందు నా దగ్గరకొచ్చి, "నా మోకులు చూడు. నానబెట్టేవంటే ఊరుకోను" అని మాత్రం అంది. ఎటో చూస్తూ నా తల నిమిరింది.

ఇప్పుడు నాకు రెండు పంట్ల తాళ్లు. మంచి పని చేశానని మా ఆయన అన్నాడు. ఇందుమతి గారూ అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఆ మంచం నాది.

భాద్రపదం, తిథి చూడలేదు

తుఫాను. రెండు పంట్ల మోకులూ వదిలి, బిగించి, వదిలి, చేతులు కొట్టుకుపోయాయి. మా ఆయన ఒకవైపు పట్టాడు. ఆ ముసల్ది అక్కడ మెత్తటి పరుపు మీద పడుకుని ఉంటుంది. అనుకోకూడదు, అనుకున్నాను.

కార్తీకం

చేపలమ్మే పడవవాళ్లు చెప్పారు. లోవమ్మ బాగా తిరుగుతోందట, పడవ కొండలవైపు ఆగినచోట సంతలో కనిపించిందట, నవ్వుతోందట, అక్కడే ఎవరో చుట్టాల దగ్గర ఉండిపోతుందని కూడా అనుకుంటున్నారట. ఎందుకు రాదూ ఆ ఆలోచన? ఏరు దాటి తెప్ప తగలేసినట్టు. ఆరోగ్యం వచ్చినవాళ్లకు నొప్పి గుర్తుండదు. నాకే తలనొప్పి లేని రోజున తలనొప్పి ఎలా ఉంటుందో గుర్తు రాదు. నయమైన మనిషి ఇంకో మనిషి నొప్పి కట్టుకోడానికి సముద్రం దాటి వస్తుందా?

కార్తీకం, ఇంకో రోజు

లేవలేదు. ఇంకో రోజా అనిపించడం కూడా ఆగిపోయింది, అది మరీ భయంగా ఉంది. ఆ మాట మా ఆయనతో పైకే అనేశాను. ఆయన మనసు పడవకు కబురంపి, వాళ్లు వచ్చేదాకా నా కాళ్ల దగ్గరే కూర్చున్నాడు. సాయంత్రం ఇందుమతి గారు వచ్చి లోవమ్మత్త మోకులు బిగించి వెళ్లారు. ఆవిడకు ముడి వెయ్యడం రాదు, గంటసేపు తంటాలు పడ్డారు. మనసు పడవ ఆయన కూడా ఈసారి నడుము సంగతి ఎత్తలేదు. రోజూ వస్తానన్నాడు, వస్తున్నాడు.

మాఘ పౌర్ణమి

ఇది పడవలోంచి చెబుతున్నాను.

పొద్దున కూడలి పడవ కనిపించింది. నేను వెళ్లలేదు. లోవమ్మత్త లేకపోతే ఎలా చూడను? మంచం మీదే కూర్చుని చెవులు రిక్కించాను. పలకల మీద అడుగుల చప్పుడు. లోవమ్మత్త అడుగులు నాకు తెలుసు, ఎడమ కాలు ఈడుస్తుంది. ఇవి ఆ అడుగులు కాదు. గబగబా, తేలిగ్గా వస్తున్నాయి. అయిపోయింది, రాలేదు అనుకున్నాను.

"ఏవమ్మా మహారాణీ గోరు! ఇంకా లెగలేదేంటి?"

గుమ్మంలో నిలబడింది. నిటారుగా ఉంది. మనిషి అంత పొడుగని నాకు తెలియదు. ఒక చేతిలో జంట పట్టీలు. ఎలా ఉన్నావనీ అడగలేదు. "చెయ్యి చాపు. మాత్రా గీత్రా ఏసుకున్నావేంటి?"

"లేదత్తా."

"ఊఁ." నాకొకటి కట్టి, తన ముంజేతికి రెండోది బిగించుకుంది.

ఆవిడ మొహం చూస్తున్నాను. ముందు కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత చెయ్యి గుమ్మాన్ని వెతుక్కుంది. దొరకలేదు. "అమ్మో" అంటూ నడుం పట్టుకుని నేల మీద కూలబడింది. నేను మంచం దిగి పట్టీ విప్పబోయాను. నా చేతి మీద ఒక్కటిచ్చింది.

"తియ్యకు!" ఊపిరి ఆడడం లేదు ఆవిడకు. "తియ్యకే... రత్నం... ఇదేనా నాకుండేది? దీన్ని పెట్టుకునేనా నేను నలభయ్యేళ్లు నీళ్లు మోసేను, పిల్లల్ని కన్నాను? ఇది పెట్టుకుని నువ్వు నా తాళ్లు కూడా కట్టేవా?"

"తీసెయ్ అత్తా, చూడలేకపోతున్నాను."

"నువ్వు చూడకు. డాక్టరమ్మ చూడాలి. నడు, ఇలాగే వత్తాను."

నడిచాం. ఇద్దరం ఎడమ కాలు ఈడుస్తూ, ఒకళ్ల భుజం ఒకళ్లు పట్టుకుని, పంటు మీంచి పంటు మీదికి. దారిలో అందరూ బయటికొచ్చి చూశారు. లోవమ్మత్త ఎవరినీ తిట్టలేదు. పలక పలకకీ ఆగి పళ్ల మధ్య గాలి పీల్చింది. ఇందుమతి గారు పట్టుకోబోతే వద్దంది.

డాక్టరమ్మ లేచి నిలబడింది. తెర మీద గీత ఎగిరెగిరి పడుతోంది. అయినా అడగాల్సిన మాట అడిగింది. "ఎలా ఉందమ్మా?"

లోవమ్మత్త నోరు తెరిచింది. 'అయ్యబాబోయ్' రాలేదు. తిట్టు రాలేదు. నా చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుని, డాక్టరమ్మ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆవిడ చెంప మీద తడి నా వేళ్లకు తగులుతోంది.

"ఈవిడను లోపలికి తీసుకెళ్లండి" అంది డాక్టరమ్మ, నన్ను చూపించి.